చోనా నోరు మూసిన పూట

“ఆకలీ!” అన్న కేక మిల్లు వీధి చివరిదాకా వినిపించింది. ఇళ్లలో అందరూ చెంచాలు కింద పెట్టేశారు. పోన్సే ఊళ్లో ఆ వీధి పద్ధతే అంత. ఎవరైనా ఆకలని అరిస్తే, ఆ నోరు మూతపడేదాకా ఇంకెవరూ ముద్ద మింగరు. మనిషా, మేకా, పరిశోధనశాలలో బూజా అన్న తేడా లేదు. ఈసారి బూజే.

చెరకు పిప్పి మీద పెరిగే నారింజరంగు బూజు తన పోషకాన్ని తానే మూడు అంచెల్లో వండుకుంటుంది. ఆ శాలలో పనిచేసే నెరేయిడా పెంచే లోలా, పెపా, చోనా మాత్రం పుట్టుకతో తేడా పిల్లలు. ఒక్కోదాని వంట ఒక్కో అంచెలో ఆగిపోయి, సగం ఉడికింది సీసాలో మిగిలిపోతుంది. ఎవరి మిగులు ఎవరికి పడుతుందో చూస్తే ఏ అంచె ముందో తేలుతుంది. అందుకే వాటిని పస్తు పెట్టింది.

పక్కింటి దోన్యా ఎవరిస్తా మరిగే నీళ్ల గిన్నెతో శాల గుమ్మంలోకొచ్చింది. వెనకాల వీధంతా ఉంది.

“అమ్మాయ్, నా కందుల అన్నం చల్లారిపోయింది. వాటికి పెడతావా, ఈ నీళ్లు వాటి మీద పోసెయ్యనా?”

“పోసెయ్యండి,” అన్నాడు పై అధికారి దోన్ క్రిస్పులో. “చోనాకి ఎవరి మిగులూ పట్టదు. అంటే మొదటి అంచెలోనే చెడింది. ఈవిడేమో చివరిదంటుంది. శాల తాళంచెవి ఇచ్చి ఇంటికి పో, నెరేయిడా.”

“తలకిందులుగా చెబుతున్నారు,” అంది నెరేయిడా. “ మొదట్లో ఆగినదానికి తర్వాతి అంచెల కూడు ఏదైనా సరిపోతుంది. చివర్లో ఆగినదానికే ఎవరిదీ చాలదు. దాని మిగులు మాత్రం మిగతావాటికి పనికొస్తుంది.”

“చూపించండి,” అంది ఎవరిస్తా. “ఎవరిది తప్పయితే వాళ్ల మీదే పోస్తా.”

నెరేయిడా గాజు గొట్టంతో చోనా మిగులు ఒక చుక్క పెపాకి వేసింది. పెపా నోరు మూసింది. లోలాకి వేసింది. లోలా కూడా మూసింది. చోనా ఒక్కటే గీపెడుతోంది. క్రిస్పులో గొట్టం లాక్కుని లోలా మిగులు, పెపా మిగులు చోనాకి తానే పోశాడు. అది పైకప్పు రేకులు అదిరేలా అరిచింది.

నెరేయిడా బీరువాలోంచి పూర్తిగా తయారైన పోషకం తీసి వేసింది. చోనా త్రేన్చి ఊరుకుంది.

ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. ఆ వేడినీళ్లతో ఎవరిస్తా కాఫీ పెట్టి, అన్నం మళ్లీ వెచ్చచేసి, అందరినీ బల్ల దగ్గరికి తోసింది. క్రిస్పులోకి నెరేయిడా ఎదురుగానే చోటు దొరికింది.

“ఉప్పు,” అన్నాడు. నెరేయిడా అతని వైపు చూడకుండా జరిపింది.

“తాళంచెవి నీ దగ్గరే ఉంచు,” అన్నాడతను కంచంతో చెబుతున్నట్టు. ఇద్దరూ తిన్నారు.