ప్రేమ అరచేతుల్లో ఏరు

ప్రేమ పొద్దున్నే కాలేజీ జంతుశాస్త్రం లాబుకొచ్చి సీసాలు కడిగేది, నేల తుడిచేది, ఎండ ముదిరాక గాజుతొట్టిలో కాసేపు చేతులు పెట్టేది. పుట్టినప్పట్నుంచీ ఆమె అరచేతుల్లో చల్లటి నీరు ఊరేది. ఇంట్లో వాళ్ళమ్మ మణియమ్మ పెరుగు పులవకుండా గిన్నె ఆ చేతులకే ఇచ్చేది.

1978 మే నెలలో ఆ తొట్టిలో ఆరు గూళ్ళుండేవి. కొండ ఏటి అడుగున ఇసుక రేణువుల్ని నోటిదారంతో కుట్టుకుని గూడు కట్టుకునే పురుగులవి. వరదరాజన్ సార్ వాటిని కాడిస్ అనేవాడు. సేలం అవతలి కొండల్లో మూడేళ్ళు తిరిగితే దొరికినవి ఈ ఆరే. మగదొకటి రెక్కలతో బయటికొస్తేగానీ కొత్త జాతో కాదో తేలదట.

పదకొండింటికి కరెంటు పోయి నీళ్ళు తిప్పే మోటారు ఆగింది, తొట్టిలో నీళ్ళు వేడెక్కసాగాయి. సముద్రపొడ్డున వైతికుప్పంలో చేపలకని దించే ఐసు కోసం సార్ సైకిలు మీద పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అప్పటికే నాలుగు గూళ్ళలో కదలిక లేదు. మిగిలిన రెంటినీ ప్రేమ దోసిట్లో పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళు నీలంగా మారాయి. సార్ కూర్చోమన్నా కదిలితే చెదురుతాయని కూర్చోలేదు.

రెండున్నరకి ఒక గూడు మూత తెగింది. లోపలిది ఈదుకుంటూ పైకొచ్చి, చర్మం చీల్చుకుని, మట్టిరంగు రెక్కలతో ఆమె బొటనవేలెక్కింది. సార్ భూతద్దం పెట్టి చూసి మగదేనన్నాడు. స్పిరిట్ సీసా మూత తీశాడు.

"చంపల్నా సార్?"

"చంపి దాస్తేనే దీనికి పేరు పెట్టేది, ప్రేమా."

ఆమె వేలు సీసాలోకి వంచింది. రెక్కలు రెండుసార్లు కొట్టుకుని ఆగాయి. ఆయన ఇంకో సీసా అందుకోగానే ప్రేమ దోసిలి వెనక్కి లాక్కుంది.

"పేరుకి ఒకటి చాలు గదా సార్. ఇది యాడిదో ఆడికే తీసకపోతా."

దారిలోనే చస్తుందని చెప్పబోయి, ఆమె వేళ్ళ సందుల్లోంచి ధారకడుతున్న నీళ్ళు చూసి ఆయన ఆ సీసా కింద పెట్టేశాడు. బస్సు టికెట్టు తనే కొన్నాడు. మణియమ్మకు కబురు చెబుతానన్నాడు.

ఊరి పక్కనున్న విల్లియనూరు దాటి ప్రేమ ఎన్నడూ పోయింది లేదు. పక్కసీటు ముసలామె వడగాలి తగలకుండా కిటికీ మూసి, ఆమెకు నోట్లో ఇడ్లీ పెట్టింది. మర్నాడు పొద్దున కొండెక్కి ఏట్లో చేతులు ముంచి వేళ్ళు విప్పింది. గూడు మెల్లగా రాళ్ళ మధ్యకి జారిపోయింది.

చేతులు బయటికి తీస్తే, పుట్టాక మొదటిసారి, పొడిగా, వెచ్చగా ఉన్నాయి. ఆమె వాటిని చెంపలకానించుకుని తిరుగు బస్సు వేళ దాటేదాకా అక్కడే కూర్చుంది. మర్నాటి బస్సూ ఎక్కలేదు, ఆ ఏటి దగ్గరే ఉండిపోయింది.

నెల తిరక్కుండా మణియమ్మ ఇంట్లోవన్నీ మూట కట్టుకుని ఆ కొండకే వచ్చింది. బస్సు దిగుతూనే కూతురి వెచ్చటి చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.