మక్కల మీద సాధన

వారంలో పోటీల సీజన్ మొదలవుతుందనగా బాస్కెట్‌బాల్ కోర్టు నిండా రైతు లసుమవ్వ మక్కజొన్న గింజలు ఎండబోసింది. ఆర్మూర్‌లో ఖాళీ సిమెంటు నేల కనబడితే ఎవరు ఊరుకుంటారు? కోచ్ ఇబ్రహీం పళ్లు నూరుకుని, జట్టు అమ్మాయిలను గట్టు మీద కూర్చోబెట్టాడు.

"కండ్లు మూసుకోండ్రి. మనసులనే ఉరికి బాస్కెట్ ఏయండ్రి."

త్రివేణి బుద్ధిగా కళ్లు మూసుకుని ఉరికింది.

కాసేపటికి సార్ లెక్క అడిగాడు. హిబా పది వేసిందట, అంకిత పన్నెండు. త్రివేణి తల దించుకుంది.

"ఒక్కటి గూడ పడలే సార్. మక్కల మీద కాలు జారింది."

"మనసులనన్న కోర్టు ఖాళీ చేస్కో బిడ్డా!" సార్ నెత్తి కొట్టుకున్నాడు.

కావలి కూర్చున్న లసుమవ్వ కర్ర పట్టుకుని లేచింది.

"గదంత ఉండనియ్ పిల్లా. నా మక్కలను బూట్లతోనే తొక్కినవా?"

త్రివేణి గబుక్కున మళ్లీ కళ్లు మూసుకుని, మనసులోనే బూట్లు విప్పింది.