ఒక చుక్క నీలం

కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, కట్టు విప్పాక మొదటిసారి గాజు బీరువా ముందు నిలబడ్డ విమానాల బాబాయికి, తన విమానాలన్నీ ఒకేసారి చలికి నీలుక్కుపోయినట్టు అనిపించింది. అన్నీ నీలంగా ఉన్నాయి.

బాబాయి యుద్ధవిమానాల స్థావరంలో స్టోర్స్ గుమాస్తాగా రిటైరయ్యాడు. జన్మలో ఒక్క విమానం ఎక్కిన పాపాన పోలేదు గానీ, ప్లాస్టిక్ ముక్కలు అతికించి అరచేతిలో పట్టే యుద్ధవిమానాలు చేస్తాడు, వాటికి అచ్చం అసలు రంగే వేస్తాడు. బొమ్మ విమానాల క్లబ్బులో మిగతావాళ్లు రంగుల నమూనా అట్ట పక్కన పెట్టుకుని కలుపుకుంటారు. బాబాయి కలుపుకోడు. "అట్ట వెలిసిపోతుంది. నా కన్ను వెలవదు" అనేవాడు. ఎండలో నిలబెట్టిన అసలు విమానాన్ని ముప్ఫై ఏళ్లు చూసిన కన్నది. అదే కన్నుగల మనిషిని ఇంట్లో సోఫా ఏ రంగని అడిగితే మాత్రం లేచెళ్లి చూసొచ్చి చెప్పేవాడు.

కొన్నేళ్లుగా బూడిద రంగు ఎంత జాగ్రత్తగా కలిపినా కాస్త పసుపు తిరిగినట్టు కనబడేది. ఒక చుక్క నీలం వేసేవాడు. సరిపోయేది. ఏటికేడాది చుక్కలు పెరిగాయి, పోటీల్లో బహుమతులు తగ్గాయి. జడ్జీలు అమ్ముడుపోయారని బాబాయి తేల్చేశాడు. ప్లాస్టిక్ విమానాల కోసం జడ్జీల్ని కొనేంత తీరిక ఎవరికుంటుందో మాత్రం ఆలోచించలేదు.

"ఏమండీ, ఇది మరీ నీలంగా లేదూ?" అనేది భార్య.

"నువ్వు కూరలో ఉప్పు చూసుకో. బూడిద రంగు నాకొదిలెయ్."

"సరే మహానుభావా. ఆకాశంలో కలిసిపోతుంది, శత్రువుక్కూడా కనబడదు."

ఆవిడ పోయి ఏడాది దాటింది.

కంట్లో చుక్కల మందు వెయ్యడానికొచ్చిన కూతురితో బాబాయి పగలబడి నవ్వుతూ చెప్పాడు. "మీ అమ్మ చెప్పిందే నిజం! బీరువా బీరువా అంతా నీలమే!"

"క్లబ్బులో ఇంకెవరూ చెప్పలేదా నాన్నా?"

"చెబితే నేను బతకనిస్తానా?"

"అమ్మ ఉంటే ఈపాటికి వీధంతా టముకేసేది."

ఈ నీలం ఎప్పట్నించి మొదలైందో చూద్దామని బాబాయి ఫోన్లో పాత ఫొటోలు తెరిచాడు. పూర్తయిన ప్రతి విమానాన్నీ కిటికీ దగ్గర భార్య చేతిలో పెట్టి ఫొటో తీసేవాడు, సైజు తెలుస్తుందని. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశాడు. శుక్లం పసుపు పొర ఇంకా ఉన్న ఎడమకంటికి బూడిద, ఆపరేషనైన కుడికంటికి నీలం. చిన్నపిల్లాడికి ఆట దొరికినట్టుంది.

చిట్టచివరి ఫొటోలో ఆవిడ బాంబర్ విమానాన్ని బుగ్గకి ఆనించుకుని నవ్వుతోంది. ఎడమకంటికి ఆవిడ కనుగుడ్లు తెల్లగా ఉన్నాయి. కుడికంటికి పసుపుగా ఉన్నాయి.

బాబాయి మళ్లీ మూశాడు. మళ్లీ తెరిచాడు. పసుపే.

ఆ రోజుల్లోనే ఆవిడ అడిగింది. "నా కళ్లు పసుపుగా ఉన్నాయా అండీ? పక్కింటావిడ అంటోంది, డాక్టర్‌కి చూపించుకోమని." బాబాయి ఆవిణ్ణి కిటికీ దగ్గరకి తీసుకెళ్లాడు. ట్యూబులైటు ఆర్పాడు. గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పి, రెప్ప కిందికి లాగి, రెక్క మీద గీతలు చూసే భూతద్దంతో చూశాడు. "శుభ్రంగా తెల్లగా ఉన్నాయి. ఆవిడకి గోడ రంగు ఎంచుకోవడమే రాదు, నీ కళ్ల సంగతి చెప్తుందా?" అన్నాడు. జన్మకో శివరాత్రిలా ఆవిడ ఆయన మాట నమ్మింది. ఆస్పత్రికి వెళ్లలేదు. కడుపునొప్పి వచ్చాక వెళ్తే, కామెర్లు ఎప్పట్నించి ఉన్నాయని అడిగాడు డాక్టరు. లివర్ దగ్గర గడ్డ అట, ఇంకాస్త ముందొచ్చుంటే బావుండేదట.

"ఏమైంది నాన్నా?"

బాబాయి ఫోను అందించాడు. "అమ్మ కళ్లు ఏ రంగులో ఉన్నాయమ్మా?"

కూతురు చాలాసేపు చూసింది. "ఫోన్ కెమెరాలింతే నాన్నా. లైటింగ్ అది."

"వెనక కర్టెన్ తెల్లగానే ఉంది కదమ్మా."

లైటింగ్ వల్ల రంగు మారితే పక్కనున్న తెలుపు కూడా మారాలని ఆ పిల్లకి చిన్నప్పుడు నేర్పింది ఆయనే.

"ముందే వెళ్లినా ఏమయ్యేదో ఎవరికి తెలుసు నాన్నా," అంది. "నేనూ రోజూ వీడియోకాల్లో చూశాగా అమ్మని. నాకూ తెలీలేదు."

"నువ్వు వేరే ఊళ్లో ఉన్నావ్."

"అయినా సరే. చూశాను కదా."

"మీ అమ్మ నిన్ను అడగలేదమ్మా," అన్నాడు బాబాయి. "నన్నడిగింది."