అత్తయ్య కారు వెనక ఇరుసు

మా అత్తయ్యతో ఒకే వంటింట్లో వేగడమే కష్టం. అలాంటిది ఇద్దరం ఒకే కారు కింద పడుకుని వెనక ఇరుసు విప్పామంటే నా ఓపికకి దండ వేసి దణ్ణం పెట్టాలి.

ఆ పాత కారు ఆవిడ టాక్సీ. మావయ్య పోయాక దాన్ని నడిపే కొడుకులిద్దర్నీ పెంచింది. ఆ స్టీరింగుని వాళ్ళ చేతికి కూడా ఇచ్చిన పాపాన పోలేదు. చివరికి ఇరుసులో పళ్ళు అరిగిపోయి, గేరు వేస్తే కీచుమని అరిచి, షెడ్డులో కూలబడింది. మా మరిది ఇళ్ళకి రంగులు వేస్తాడు. అతని డబ్బాలకి షెడ్డు కావాలి.

"ఆదివారం నాటికి ఎవరూ తొయ్యకుండా మన వీధి ఎత్తంతా ఎక్కి మొదటిదాకా పోయిందా, ఉంచుకో అమ్మా. లేకపోతే పాత ఇనుము కింద పోవాల్సిందే" అన్నాడు.

"సరేరా" అనేసింది పౌరుషంగా. తర్వాత గదిలోకి వెళ్ళి ఏడ్చింది. నేను చూశాను. కుట్టుమిషన్లు బాగుచేసే దాన్ని, పళ్ళచక్రాలు నాకు కొత్తా? "పదండి, విప్పుదాం" అన్నాను.

జాకీలెత్తి, చక్రాలు పీకి, ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ దించాం. అందులో క్రౌన్ అని పళ్ళెమంత పళ్ళచక్రం ఉంటుంది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకి అందించేది అదే. కొత్తది తెచ్చాం. అది కుడివైపు రావాలని ఇరుసు గూడు మీద ముందే సుద్దతో గుర్తు పెట్టాను. అత్తయ్యకి జిడ్డు కనబడితే నిద్ర పట్టదు. కిరసనాయిలు పోసి గూడంతా తళతళా తోమింది, నా గుర్తుతో సహా!

"కుడి" అంటాను నేను. "ఎడమ" అంటుంది ఆవిడ.

"నువ్వు పుట్టకముందు నుంచీ నడుపుతున్నానే దీన్ని!"

నడపడం వేరు, విప్పడం వేరు. కానీ అత్తగారితో ఎవరు గెలిచారు? ఎడమవైపే పెట్టి, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నట్లన్నీ కసిగా బిగించాను.

ఆదివారం మరిది పాత ఇనుము వ్యాపారిని లారీతో సహా తెచ్చి నిలబెట్టాడు. వీధి వీధంతా గోడలెక్కి కూర్చుంది. అత్తయ్య స్టీరింగు ముందు, నేను పక్కన. ఫస్టు గేరు వేసి క్లచ్ వదిలింది. కీచు లేదు, మోత లేదు. కారు మెత్తగా కదిలింది, వెనక్కి! వెనక గోడకి మరిది అప్పుడే పేర్చుకున్న ఖాళీ డబ్బాలన్నీ దడదడా కూలాయి. వీధి గొల్లుమంది. వ్యాపారి కారుని లారీకి కట్టడానికి తాడు తీశాడు.

"క్రౌన్ ఎవరు బిగించారే?"

"మీరు చెప్పిన వైపేగా!"

"బిగించిన చేతులు నీవేగా!"

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ! నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో ఆవిడ స్టీరింగుని కొంగుతో మెల్లగా తుడవడం చూశాను.

"పోయిందే నా బండి" అంది చిన్నగా.

అప్పుడు తట్టింది. క్రౌన్ అటుదిటు అయితే అన్నీ అటుదిటే కదా!

"అత్తయ్యా, ముందుకు వేస్తే వెనక్కి పోతోందిగా? రివర్సు వెయ్యండి!"

నా మొహంలోకి చూసి ఫక్కున నవ్వింది. రివర్సు వేసింది. కారు ముక్కు ముందుకు పెట్టుకుని దర్జాగా షెడ్డులోంచి బయటికొచ్చింది. రివర్సుకి వేగం తక్కువ, బలం ఎక్కువ. ఎత్తుని లెక్కచెయ్యలేదు.

"ఇది చెల్లదు! రివర్సులో ఎక్కడమేంటి?" మరిది పక్కనే పరిగెత్తుతూ అరిచాడు.

"ఏ గేరో చెప్పావట్రా? తొయ్యకూడదన్నావు, అంతేగా!"

వ్యాపారే ముందు చప్పట్లు కొట్టి లారీ పక్కకి తీశాడు. మరిది కూడా నవ్వాపుకోలేక వెనక సీట్లోకి దూకేశాడు.

వీధి మొదట్లో ఆపగానే జనం మూగారు. "భలే ఎక్కిందండీ!" అన్నారెవరో.

"ఎక్కదా మరి? కావాలనే క్రౌన్ అటు పెట్టించాను" అంది అత్తయ్య.

చూశారా! నేను నోరు తెరిచేలోపే ఆవిడ దిగి, చుట్టూ తిరిగి నా వైపు తలుపు తీసింది.

"అటు జరుగు" అంది.

"ఎటు?"

"స్టీరింగు ముందుకే, మొద్దూ!"

వెనక సీట్లో మరిది నవ్వు ఠక్కున ఆగిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అత్తయ్య నా పక్కన కూర్చుని తలుపేసుకుంది.

"ఫస్టు వెయ్యవే కోడలా, వెనక్కి పోదాం ఇంటికి. రేపు మళ్ళీ విప్పాలి."