ఊరికి చేరని సవరణ

నెల్లూరు ట్రంకు రోడ్డులో చెప్పుల దుకాణం మేడ మీద రెండు గదుల్లో ‘తీరరేఖ’ అనే వార్తల వెబ్‌సైట్ నడుస్తోంది. నజ్మా అక్కడ నాలుగేళ్లుగా డెస్కులో పని చేస్తోంది. ఒకే వార్తను రెండు మూడు రకాలుగా రాయడం ఆమె పని.

“ఒక్కసారి రాస్తే చాలదా?” అని వాళ్లమ్మ సుల్తాన్‌బీ ఒకసారి అడిగింది. చాలదు. నెల్లూరు టౌన్లో ఉన్నవాళ్లు చూసే వార్త, పులికాట్ సరస్సు ఒడ్డు ఊళ్లవాళ్లు చూసే వార్త పైకి ఒకటే అయినా శీర్షిక వేరు, మొదటి నాలుగు వాక్యాలు వేరు. ఫోన్ ఏ ఊళ్లో ఉందో చూసి సిస్టమ్ ఆ ఊరికి రాసిన ప్రతిని చూపిస్తుంది. వీటిని ఆఫీసులో వేరియేషన్లు అంటారు. ముందు అసలు ప్రతి రాసి, దాంట్లోంచి వేరియేషన్ తీస్తారు. ఎవరూ ముట్టుకోనంతవరకు అది అసలు ప్రతితో పాటే మారుతుంది. ఒక్క అక్షరం చేత్తో దిద్దినా ఇక దాని దారి దానిదే. అప్పట్నుంచి అసలు ప్రతిలో ఏం మార్చినా అందులో మారదు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి నేర్పింది నజ్మానే.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం సూళ్లూరుపేట విలేఖరి ఫ్రెడ్డీ ఫోన్ చేశాడు.

“అక్కా, సరస్సులో పడవ తిరగబడింది. దొరవారిసత్రం మండలమోళ్లు. ఇద్దరు పోయినారు. నరసయ్య, ఆయన బావమరిది సుబ్బు.”

“గాలి వల్లేనా?”

“గాలి కూడా లేచింది. మందు మీద పడవ వేసుకోని పోయినారని టీకొట్టు కాడ అనుకుంటుండారు.”

“ఎవరన్నా చూశారా?”

“నీళ్ల మధ్యలో చూసేదానికి ఎవరుంటారక్కా? అందరూ ఆ మాటే అంటుండారు.”

నజ్మా ఎడిటర్ చెంచురామయ్య వైపు చూసింది. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

“స్థానికులు చెబుతున్నారని పెట్టమ్మా. మనం అన్నట్టు కాదు గదా.”

అసలు ప్రతి చివర్లో ఆమె ఆ వాక్యం పెట్టింది. తర్వాత సరస్సు ఒడ్డు మండలాలకు వేరియేషన్ తీసింది. ఆ ఊళ్లవాళ్లకు గాలీ వానా కొత్త కాదు, కారణమేంటన్నదే వాళ్లకు కావాలి అనుకుంది. చివర్లో ఉన్న వాక్యాన్ని పైకి తెచ్చింది. ‘మద్యం మత్తులో పడవ.. బావాబావమరుదుల దుర్మరణం’ అని శీర్షిక పెట్టింది. సాయంత్రానికి ఆ వేరియేషన్‌ను అసలు ప్రతికన్నా ఎక్కువమంది చదివారు. “బాగా పోయిందమ్మా” అన్నాడు చెంచురామయ్య.

నాలుగో రోజు ఫ్రెడ్డీ మళ్లీ ఫోన్ చేశాడు. పోస్టుమార్టంలో మద్యం ఆనవాలే లేదని పోలీసులు చెప్పారట. సుబ్బు కాళ్లకు వల చుట్టుకుని ఉందట. నరసయ్య చేతిలో కత్తి అలాగే ఉందట. వల కోయడానికి మునిగి, ఆయనా పైకి రాలేకపోయి ఉంటాడని అంటున్నారట.

నజ్మా వెంటనే అసలు ప్రతి తెరిచి ఆ వాక్యం తీసేసింది. పోలీసులు చెప్పింది రాసింది. తన ఫోన్లో తెరిచి చూసుకుంది. సరిగ్గా ఉంది. అప్పటికి రెండు దాటింది. అన్నం డబ్బా తీసుకుని పక్క గదిలోకి వెళ్లింది.

వారం తర్వాత ఒక ఆడమనిషి ఆఫీసుకు ఫోన్ చేసింది.

“నేను అంకాలమ్మనమ్మా. నరసయ్య ఇంటిదాన్ని. మీరు మా ఆయన తాగినాడని రాసినారు. ఆయన తాగడమ్మా. ఆ మాట తీసెయ్యండి.”

“తీసేసినాం అక్కా. ఎప్పుడో తీసేసినాం.”

“మా పాప ఫోన్లో ఉండాదే.”

“పాతది నిలిచిపోయి ఉంటుందక్కా. ఒకసారి మూసి మళ్లీ తెరవమని చెప్పండి.”

అంకాలమ్మ సరేనంది. రెండు రోజులకు మళ్లీ చేసింది. మూసి తెరిచినా ఉందంది. పక్కింటోళ్ల ఫోన్లో కూడా ఉందంది. ఎవరో పాత వార్తను ఫోటో తీసి పంపుకుంటున్నారేమో అని చెప్పింది నజ్మా. మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు పని మీదుండి ఎత్తలేదు.

ఆ తర్వాతి సోమవారం అంకాలమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకే వచ్చింది. నలభై లోపు మనిషి. ఎండలో నడిచి వచ్చినట్టు ముఖం వాడిపోయి ఉంది. కూతురు చిట్టికి పదమూడేళ్లుంటాయి. స్కూలు యూనిఫాంలోనే ఉంది. నజ్మా కుర్చీలు చూపించినా అంకాలమ్మ కూర్చోలేదు.

“మా అమ్మ కోసం వచ్చినా పాపా” అంది. “సుబ్బు నా తమ్ముడు. మా అమ్మకి ఒక్కడే కొడుకు. తాగి నా బిడ్డని ముంచేసినాడు నీ మొగుడు అని మా అమ్మ నన్ను ఇంట్లోకి రానీలేదు. పెద్దకర్మ కూడా వాళ్లది వాళ్లు చేసుకున్నారు, మాది మేం చేసుకున్నాం. నేనెంత చెప్పినా, పేపర్లో అబద్ధం రాస్తారా అంటాది. ఆ మాట పోతే నమ్ముతాది.”

“ఆ మాట లేదక్కా ఇప్పుడు.”

“ఉండాది. చిట్టీ, తీసి చూపించు.”

చిట్టి ఫోన్లో ఆ వార్త తెరిచింది. పైకీ కిందికీ జరిపింది. మళ్లీ జరిపింది.

“లేదమ్మా” అంది మెల్లగా.

“ఏం లేదు?”

“ఆ మాట లేదు. వేరేగా ఉంది.”

“పొద్దున బస్సెక్కే ముందు చదివి వినిపించినావు గదే!”

చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఉన్నిందమ్మా. నిజంగా ఉన్నింది.”

చెంచురామయ్య లేచి వచ్చి ఫోన్లోకి తొంగి చూశాడు. “చూసినావు గదమ్మా. ఆ మాట మీ ఊరోళ్ల నోట్లో ఉంది. మా కాడ లేదు.”

అంకాలమ్మకు చదవడం రాదు. ఫోన్ను చేతిలోకి తీసుకుని ఆ అక్షరాలకేసి కాసేపు చూసింది. “అయితే ఒక కాయితం మీద రాసియ్యండి సామీ, ఆయన తాగలేదని. మా అమ్మకి చూపించుకుంటా.”

“అట్ట కాయితాలు ఇచ్చే పద్ధతి లేదమ్మా మాకు.”

నజ్మా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అంకాలమ్మ తాగలేదు, చిట్టికి ఇచ్చింది. మెట్లు దిగుతూ, “నాకే మతి తప్పిందేమో లేవే” అని కూతురితో అంటుంటే నజ్మాకు వినబడింది. పాపం అనిపించింది. అనుమానం మాత్రం రాలేదు.

నవంబరు చివర వాయుగుండం పట్టింది. సరస్సు ఒడ్డు ఊళ్లకు హెచ్చరిక రాయాలి. ఆ మండలాల కోసం అప్పటిదాకా రాసిన వేరియేషన్ల జాబితా తెరిచి, పాతదాన్ని నమూనాగా తీసుకుందామని వెతుకుతోంది నజ్మా. ఆరో వరసలో ఆ శీర్షిక కనిపించింది. ‘మద్యం మత్తులో పడవ.’ పక్కనే ఆకుపచ్చ చుక్క. ఇంకా జనానికి కనబడుతోందని దాని అర్థం. చివరగా దిద్దింది: నజ్మా. దిద్దిన తేదీ: ప్రమాదం జరిగిన రోజు.

నజ్మా ఆ తేదీ మళ్లీ చదివింది. నెల్లూరులో తెరిస్తే అసలు ప్రతి వస్తుంది. ఊళ్లో తెరిస్తే ఇది వస్తుంది. ఆమె ఫోన్లో, చెంచురామయ్య ఫోన్లో, ఆ రోజు ఇక్కడికి వచ్చిన చిట్టి ఫోన్లో సరిగ్గానే ఉంది. నరసయ్యను ఎరగని ఊళ్లన్నింటిలో సరిగ్గానే ఉంది. ఆయన పుట్టి పెరిగిన ఊళ్లో మాత్రం నెలన్నరగా తాగుబోతుగా ఉన్నాడు.

వెళ్లి చెంచురామయ్యకు చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“తీసెయ్. చప్పుడు కాకుండా తీసెయ్.”

“తప్పు రాసినామని పైన పెట్టాలి సార్.”

“నెల దాటిపోయింది. మళ్లీ దాన్ని ఎందుకు కదిలించడం?”

“ఆమె మన కాడికి వచ్చింది సార్. మనం ఆమెని అబద్ధాలకోరుని చేసి పంపినాం.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. నజ్మా తన సీటుకొచ్చి ఆ వేరియేషన్ తెరిచింది. శీర్షిక తీసేసింది. నరసయ్య తాగి లేడని, తాగాడని రాసింది తామేనని, అది తప్పని, బావమరిదిని కాపాడబోయి ఆయన చనిపోయి ఉండొచ్చని పోలీసులు అన్నారని రాసింది. చెంచురామయ్య దాన్ని చూశాడు. చెరపలేదు.

అంకాలమ్మ నంబరుకు చేస్తే స్విచాఫ్ వచ్చింది. మర్నాడూ అంతే. వానలు తెరిపిచ్చాక నజ్మా సెలవు పెట్టి దొరవారిసత్రం బస్సెక్కింది. అక్కడ దిగి ఆటోలో ఊరు చేరేసరికి పదకొండయింది. అంకాలమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురింటామె వీధి చివర రేకుల ఇల్లు చూపించింది. “వాళ్లమ్మ ఆదిశేషమ్మ ఉంటాది. అడుగు.”

ఆదిశేషమ్మ అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. డెబ్బై ఏళ్లుంటాయి. నజ్మా తానెవరో చెప్పింది.

“ఇప్పుడెందుకు వచ్చినావు?”

“అవ్వా, మీ అల్లుడు తాగలేదు. అది తప్పు. మార్చినాను. చదివి వినిపిస్తా.”

“ముందు రాసిందెవరు?”

“నేనే అవ్వా.”

ముసలామె చేపల చేట పక్కన పెట్టింది. “చదువు” అంది. నజ్మా చదివింది. వల దగ్గరికొచ్చేసరికి ఆదిశేషమ్మ చెయ్యెత్తి ఆపింది.

“మళ్లీ చదువు. ఆ కత్తి మాట.”

నజ్మా మళ్లీ చదివింది. ఆదిశేషమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగింది. కాసేపటికి, “అది నెల్లూరు పోయి వచ్చిన రోజు నా వాకిట్లో నిలబడింది” అంది. “అమ్మా, టౌన్లో చూస్తే ఆ మాట లేదు అనింది. ఊళ్లో అందరి ఫోన్లలో ఉంటే నీకొక్కదానికే పోయిందా అన్నాను. తలుపేసినాను. మూడో రోజు పిల్లని తీసుకోని పోయింది. చిల్లకూరు కాడ ఏదో హోటల్లో పని చేస్తుందంట.”

“పోదామా అవ్వా?”

ఆమె లేచి ఇంట్లోకి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది.

చిల్లకూరు దగ్గర హైవే పక్కన లారీలు ఆగే హోటలది. వెనక పెరట్లో అంకాలమ్మ గిన్నెలు తోముతోంది. తల్లిని చూసి లేచింది. బూడిద చేతులు అలాగే పట్టుకుని నిలబడింది.

“అంకాలా” అని ఆదిశేషమ్మ ఏడ్చింది. “తప్పయిపోయిందే. ఎవరో రాస్తే నమ్మినానే.”

అంకాలమ్మ చేతులు కడుక్కుని, తల్లికి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసింది. నీళ్లిచ్చింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

“రాసిన పాపకి ఆయన ఎవరో తెలీదమ్మా. నీకు తెలుసు గదా. పదహారేళ్లు నీ చేతి కూడు తిన్నాడు. ఏ రోజైనా తాగొచ్చినాడా?”

ఆదిశేషమ్మ తల అడ్డంగా ఊపింది.

“వాడు నీకు కొడుకైతే నాకు తమ్ముడు గాదా? ఇద్దరు పోయినారు నాకు. ఏడ్చేదానికి నీ కాడికి వచ్చినా. నువ్వు తలుపేసినావు.”

నజ్మా ముందుకొచ్చింది.

“అక్కా, ఆ రోజు మీరు చెప్పింది నిజం. మీ ఊళ్లో ఆ మాట ఉన్నింది. నేను సరిగ్గా చూడలేదు. నన్ను...”

“తీసేసినావా?”

“తీసేసినాను.”

“ఉన్నింది గదా? నాకు మతి తప్పలేదు గదా?”

“లేదక్కా. చిట్టి చదివింది కూడా నిజమే.”

అంకాలమ్మ కళ్లు అప్పుడు నిండాయి. “ఆ మాట చిట్టికి చెప్పిపో పాపా. అది అప్పట్నుంచీ నాకు ఏదీ చదివి వినిపించడం లేదు” అంది.

లోపల్నుంచి హోటలాయన కేక వేశాడు. ఆమె మళ్లీ గిన్నెల ముందు కూర్చుంది. ఊరికి రమ్మని తల్లి బతిమాలింది. “ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. ఇక్కడే ఉంటా” అంది అంకాలమ్మ తలెత్తకుండా.

నాలుగున్నరకు చిట్టి కొత్త స్కూలు నుంచి వచ్చింది. నజ్మా ఆ పిల్ల పక్కన కూర్చుని, ఒకే వార్త రెండు ఊళ్లలో రెండు రకాలుగా ఎలా కనబడుతుందో, తానెక్కడ తప్పు చేసిందో చెప్పింది. చిట్టి అంతా విని, “అట్ట కూడా చేస్తారా?” అని ఒక్క మాట అడిగి, అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. అమ్మమ్మ ఒళ్లో తల పెట్టలేదు గాని, పక్కనే కూర్చుంది.

నజ్మా ముసలామెను బస్సులో వెనక్కి తీసుకొచ్చి ఊళ్లో దిగబెట్టింది.

అంకాలమ్మ ఊరికి తిరిగి రాలేదు. సంక్రాంతి, శివరాత్రి దాటిపోయాయి. ఆదిశేషమ్మే నెలకోసారి ఎండుచేపలు మూట కట్టుకుని చిల్లకూరు పోయి వస్తోందని ఫ్రెడ్డీ చెప్పాడు. కూతురు ఆ మూట తీసుకుంటుందట, అన్నం పెడుతుందట. సుబ్బు పేరు గాని, నరసయ్య పేరు గాని ఇద్దరూ ఎత్తరట.