ముందుగా వచ్చిన బండ

ఫిలింనగర్ బస్తీలో తెల్లారగానే నల్లా వస్తుంది. నల్లా చప్పుడు విన్నదంటే కౌసల్య లేచినట్టే. బిందెలు నింపి, నాయనమ్మ కొమురమ్మకు మొహం కడిగి, చేయి పట్టుకుని తీసుకుపోయి వాకిట్లో బండకు ఆనించి కూర్చోబెట్టి, చాయ్ గ్లాసు చేతికిచ్చేది. అప్పటికే తల్లి దేవమ్మ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాకు వంటపనికి వెళ్లిపోయి ఉండేది. తండ్రి ఓదెలు సినిమా సెట్లు వేసే మనిషి. ఎక్కువగా రాళ్లు, గుహలు చేస్తాడు. థర్మకోలు చెక్కి, పైన ప్లాస్టర్ పూసి, రంగు వేస్తాడు. అతను చేసిన కొండను ఇద్దరు మనుషులు ఎత్తుకుని పోవచ్చు.

వాకిట్లో బండ మాత్రం అసలుది. మనిషికంటే ఎత్తు. పైన ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. అది ఎక్కడిదో బస్తీలో ఎవరినడిగినా చెప్తారు. కొమురమ్మ వయసులో ఉన్నప్పుడు కొండమీద రాళ్లు కొట్టే పనికి పోయేది. బంగళాల కోసం ఆ కొండను పేల్చబోతున్నారనగా, ఈ ఒక్క బండ లేచి దిగివచ్చి కొమురమ్మ గుడిసె పక్కన కూర్చుంది. అప్పుడక్కడ బస్తీ లేదు. నాలుగు గుడిసెలూ తుమ్మచెట్లూ ఉండేవి. తర్వాత ఇల్లు కట్టుకున్నప్పుడు గోడను కాస్త వంకర తిప్పి దానికి చోటు వదిలారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ కొంచెం జరుగుతుంది. జరిగినప్పుడు బట్టలారేసే తాడు తెగుతుంది. దేవమ్మ విసుక్కుంటూ మళ్లీ కట్టుకుంటుంది. అంతకుమించి దాని గురించి ఎవరూ ఆలోచించరు.

ఆ ఏడు కౌసల్యకు సిటీలో ఒక ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి ఆమే. క్లాసులు మొదలవకముందే కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది త్రిపురసుందరి అనే లెక్చరర్.

"ఇంట్లో ఎవరూ డిగ్రీ చదవని పిల్లల కోసం చిన్న క్యాంపు పెడుతున్నామమ్మా. క్లాసులకు ముందే వచ్చి హాస్టల్లో ఉంటారు. లైబ్రరీ, ల్యాబులు, ఇంగ్లీషు పాఠాలు ఎలా వినాలి, అన్నీ అలవాటు చేస్తాం. బలవంతమేం లేదు. శుక్రవారం సాయంత్రంలోగా ఏ సంగతో చెప్తే చాలు."

"ఇంట్ల అడిగి చెప్త మేడం," అంది కౌసల్య.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "పో బిడ్డా," అన్నాడు ఓదెలు. "కొత్త స్టూడియోల సెట్ ఎయ్యాలంటే నేను గూడ ఒకసారి ముందుగాల పోయి చూసొస్త. తలుపు ఎంతుంది, కరెంటు ఏడికెళ్లి వస్తది, తెల్వకపోతే ఆనాడు చేతులాడవు."

"నాయనమ్మనెవరు చూస్తరు?" అంది కౌసల్య. "కాలేజీ అయితే మధ్యాహ్నం కల్లా ఇంటికొస్త. గీ క్యాంపైతే గాడనే ఉండుడాయె."

పోయిన ఎండాకాలం నుంచి కొమురమ్మకు చూపు పోయింది. గల్లీ మొదట్లో ఇడ్లీలమ్మే మల్లమ్మ, తన దగ్గర కూర్చోబెట్టమని చాలాసార్లు అడిగింది. కొమురమ్మ ఒప్పుకోలేదు. వెనక బండ లేకపోతే గాల్లోకి పడిపోతున్నట్టుంటుందని ఆమె భయం. దేవమ్మ పని మానడానికి వీల్లేదు. ఓదెలు ఇంటికి రావడానికి వేళాపాళా లేదు. కాబట్టి కౌసల్య చెప్పిన కారణం గట్టిదే.

కానీ అసలు కారణం అది కాదు. ఇంటర్‌లో తనతో చదివి, ఇప్పుడు అదే కాలేజీలో చేరిన రమామణి మధురానగర్‌లో ఉంటుంది. ఫోన్లో మాటల మధ్య, "ఆ క్యాంపా? అది వీక్ స్టూడెంట్స్‌కి కదే," అంది. చెడ్డగా అనలేదు, తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ మాట కౌసల్య లోపల ముల్లులా దిగింది. అక్కడికి పోతే మొదటిరోజే మొహాన ముద్ర పడుతుంది. పోకపోతే అందరితోపాటు వెనక బెంచీలో కూర్చుని, అర్థమైనట్టు తలాడిస్తూ ఎలాగో నెట్టుకురావచ్చు. ఈ సంగతి ఇంట్లో చెప్పుకోలేక నాయనమ్మను అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున, రానని చెప్పేద్దామనే నిర్ణయంతోనే లేచింది. బిందెలు నింపి కొమురమ్మను వాకిట్లోకి తీసుకొచ్చేసరికి బండ లేదు. అది ఉన్నచోట నల్లటి తడి మట్టి, పాలిపోయిన గడ్డి వేర్లు, ఎప్పుడో పోయిన ఇత్తడి చెంచా ఒకటి కనిపించాయి. మట్టిలో రాసుకుపోయిన జాడ గల్లీలోకి మళ్లింది. కౌసల్య తల బయటపెట్టి చూసింది. బండ గల్లీ మొదటికి చేరి, మల్లమ్మ ఇడ్లీ బండి పక్కన వేపచెట్టు నీడలో కుదురుకుంటోంది.

"ఇంక ముందుకు పోతదా, గీడనే ఉంటదా?" అని ఆటోతను అడుగుతున్నాడు.

"నాకేమెరుక. నీ ఆటో జర పక్కకు పెట్టుకో," అని మల్లమ్మ చట్నీ గిన్నె జరుపుకుంది.

కొమురమ్మ చేత్తో గాలిలో వెతికి, "ఏడుంది?" అంది.

"గల్లీ మొదట్ల కూసుంది నాయనమ్మా."

"అయితే నన్ను గూడ గాడికే తోల్కపో."

కౌసల్య తీసుకుపోయింది. కొమురమ్మ బండను ఒకసారి తడిమి చూసి, ఎప్పటిలా వీపు ఆనించి కూర్చుంది. అక్కడ షూటింగ్ వ్యాన్ కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లున్నారు. పెళ్లి సీనట, అందరూ పట్టుచీరల్లో ఉన్నారు. ఒకామె పలకరిస్తే కొమురమ్మ ఆమె చీర అంచు తడిమి, జరీ మంచిది కాదని తేల్చింది. అందరూ నవ్వారు. మల్లమ్మ ఆమె చేతిలో ఇడ్లీ ప్లేటు పెట్టింది.

మధ్యాహ్నం కౌసల్య తీసుకుపోదామని వస్తే కొమురమ్మ కదలనంది. మల్లమ్మ, "ఉండనియ్యి పిల్లా. అన్నం నేను పెడ్త. మీ అమ్మ పని అయినంక గిట్లనే వస్తది గద, తోల్కపోతది. రేపు గూడ గిట్లనే," అంది.

ఆ మాటతో, ఇన్నాళ్లూ అందరికీ చెప్పిన కారణం లేకుండా పోయింది. మిగిలింది ఎవరికీ చెప్పనిది. కౌసల్య నాయనమ్మ పక్కన కింద కూర్చుంది.

"నాయనమ్మా, గా క్యాంపు తెలివి తక్కువోళ్లకంట."

"ఎవరన్నరు?"

"నా దోస్తు."

కొమురమ్మ వెనక్కి చేయి పోనిచ్చి బండను తట్టింది. "ఈ బండ దిగొచ్చిన్నాడు మేస్త్రీలు గూడ నవ్విన్రు. ఇంక పేల్చే మందే రాలె, దీనికేం తొందరని. ఇది ఎవ్వరి మాట ఇనలె. వచ్చింది, వాన నీళ్లు ఎటు పోతయో చూసుకుంది, మంచి జాగ పట్టుకుంది."

"మిగిలినయి?"

"కంకరైనయి." కొమురమ్మ మనవరాలి తల వెతికి పట్టుకుంది. "తెలివి సంగతి నాకు తెల్వదు బిడ్డా. బుగులైతుందా నీకు, భయమైతుందా?"

"అయితుంది."

"అయితే పో. బుగులున్నోళ్లే ముందుగాల పోవాలె. లేనోళ్లు ఎప్పుడు పోతే ఏంది?"

కౌసల్య అక్కడినుంచే ఫోన్ చేసింది. "మేడం, నేనొస్తున్న," అంది.

క్యాంపులో మొదటిరోజు ఆమెకు ఏడుపొచ్చింది. కాలేజీలో మెట్లు రెండువైపులా ఒకేలా ఉన్నాయి. ఏ మెట్లెక్కినా తనది కాని గదికే చేరింది. అందరిముందు నిలబడి ఇంగ్లీషులో ఊరూపేరూ చెప్పమన్నప్పుడు తండ్రి చేసే పనికి మాట దొరకలేదు. "ఐ... మై ఫాదర్... మౌంటెన్స్," అని ఆగిపోయింది. పక్కనున్న శాంత అనే నారాయణఖేడ్ పిల్ల, "కొండలా?" అని తెలుగులో అడిగింది. కౌసల్య విప్పి చెప్పింది. అప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్లంతా గుహలెలా చేస్తారు, నీళ్లు పడితే కరగవా అని అడుగుతూనే ఉన్నారు. రాత్రి భోజనానికి శాంత ఆమెకు పక్కన చోటుంచింది. వారం తిరిగేసరికి లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ కౌసల్యది అని అందరికీ తెలిసిపోయింది.

క్యాంపు అయిపోయి ఇంటికొచ్చేసరికి బండ గల్లీ మొదట్లోనే ఉంది. వాహనాలకు కనబడేలా మున్సిపాలిటీవాళ్లు దానికి తెల్ల చారలు వేసి పోయారట. కొమురమ్మ చుట్టూ నలుగురు చేరి ఉన్నారు. వాకిట్లో ఖాళీ అయిన చోట ఎండ పడుతోంది.

క్లాసులు మొదలయ్యాయి. మొదటి పాఠం పెద్ద హాల్లో. వందమందికి పైగా పిల్లలు కొత్త బట్టల్లో నిటారుగా కూర్చున్నారు. లెక్చరర్ ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోతోంది. బోర్డు సగం నిండింది. అందరూ తలాడిస్తున్నారు. కౌసల్య ఇటువైపు, అటువైపు, ముందు బెంచీల వైపు చూసింది. ఎవరూ నోటు పుస్తకం తెరవనే లేదు.

ఆమె లేచి నిలబడింది. బుగులు ఇంకా పోలేదు.

"మేడం, ప్లీజ్, ఫస్ట్ నుంచి ఒకసారి."

లెక్చరర్ ఆగింది. ఒక్క క్షణం ఆమెను చూసి, బోర్డు మొత్తం తుడిచేసి, ఈసారి నెమ్మదిగా, మధ్యలో తెలుగు కలుపుతూ మొదలుపెట్టింది. హాలంతా ఒక్కసారిగా పుస్తకాలు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.