విమానం దిగిన ఇంటిపేరు

దశరథానికి ఇంటిపేర్ల పిచ్చి. కొందరు చుట్ట కాల్చకుండా ఉండలేరు, కొందరు పేకాట లేకుండా ఉండలేరు, ఆయన ఎదుటి మనిషిని "మీ ఇంటిపేరు ఏంది?" అని అడగకుండా ఉండలేడు. శంషాబాద్‌లో బస్సెక్కి పక్క సీట్లో కూర్చున్న పాపానికి, ఆరాంఘర్ చేరేలోపల ఆ మనిషి తన ఇంటిపేరు చెప్పాలి, అదెట్లా వచ్చిందో దశరథం నోట వినాలి. బండి వారైతే, బురదలో దిగబడ్డ నవాబు ఏనుగును వాళ్ల ముత్తాత ఒంటెద్దు బండి కట్టి బయటికి గుంజాడన్నమాట. జొన్నల వారైతే, కరువు ఏట ఊరంతా తోడుకున్నా వాళ్ల గాదెలో జొన్నలు జానెడు కూడా దిగలేదన్నమాట. ఇవన్నీ దశరథం అప్పటికప్పుడు పుట్టించేవే. విన్నవాళ్లలో కొందరు ఇంటికిపోయి పిల్లలకు కూడా చెప్పుకున్నారు, ఎద్దు రంగేమిటో కూడా కలుపుకొని.

అట్లాంటి దశరథానికి 2012 ఎండాకాలంలో కొరుకుడుపడని ఇంటిపేరు ఒకటి తగిలింది. గార్దెసెగాల్.

ఆ ఇంటిపేరు గల పిల్లవాడు ఎతియెన్. దేశం ఫ్రాన్సు. శంషాబాద్ ఏర్‌పోర్టులో ప్రయాణికుల సామాన్లు తిరిగే బెల్టులను చూసుకునే ఇంజనీరు. అదే ఏర్‌పోర్టులో కార్గో ఆఫీసులో దశరథం మనుమరాలు స్వర్ణలత పనిచేస్తుంది. ఇద్దరికీ మనసు కలిసింది. ఎతియెన్ అత్తాపూర్‌లో భాస్కరరావు గారింట్లో కిరాయికి ఉండేవాడు. పగలంతా సామాన్లెత్తే పనివాళ్ల దగ్గర ఒక తెలుగు నేర్చాడు, పొద్దుగూకాక కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన భాస్కరరావు గారి దగ్గర ఇంకో తెలుగు నేర్చాడు. ఆ రెండూ వాడి నోట్లో పప్పూచారూ కలిసినట్టు కలిసిపోయాయి. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు గడపలో నిలబడి, "దండం బాపూ, జర కులాసాయేనాండీ?" అన్నాడు. దశరథం ఆ ఒక్క మాటకే పడిపోయాడు.

స్వర్ణలత తండ్రి జీవన్, "అమ్మ సరేనంటే నాకు సరే" అని తప్పుకున్నాడు. అమ్మంటే భారతమ్మ, దశరథం భార్య. ఆ ఇంట్లో దశరథం మాట పందిరి దాకా నడుస్తుంది, అక్కణ్ణుంచి లోపలికి నడిచేదంతా భారతమ్మ మాటే. స్వర్ణలత కూడా తాతకు తేల్చి చెప్పింది: "నానమ్మ వద్దంటే నేను చేసుకోను తాతా. కానీ ఇంకొకన్ని సుత చేసుకోను. ఇగ నీ ఇష్టం."

"నా ఇష్టమేందే, నన్ను అడిగెటోడెవడు?" అన్నాడు గానీ, దశరథానికి గుండెలో ముల్లు దిగినట్టయింది. ఆ పిల్ల మొండితనం ఎవరిదో ఆయనకు తెలుసు. యాభై ఏండ్లుగా దానితోనే కాపురం చేస్తున్నాడు.

భారతమ్మ అడ్డం చెప్పింది రంగు చూసి కాదు, భాష చూసీ కాదు.

"తెల్లగున్నడు, ఎండకు రెండు నెల్లల్ల మనలెక్కనే అయితడు. మాట వచ్చిందాయె. అవన్ని వదిలిపెట్టు. వాని ఇంటిపేరు ఏడికెళ్లి వచ్చింది? పాలోళ్లు ఎంతమంది? పాలోళ్లు లేని ఇంటికి పిల్లనిస్తే రేపు మంచికి చెడ్డకు ఎవలొస్తరు?"

ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ముల సంతతిని మా దిక్కు పాలోళ్లంటారు. పెండ్లంటే పాలోళ్ల ప్రతి గడపకూ పోయి బొట్టు పెట్టి పిలవాలి. ఒక్క గడప మరిచిపోతే ఆ అలక మనుమల దాకా సాగుతుంది.

భార్య అడిగిందానికి 'కనుక్కొని చెప్త' అంటే సరిపోయేది. కానీ ఇంటిపేరు గురించి తెలియదని చెప్పడం దశరథానికి ప్రాణం మీదికొచ్చే పని.

"గార్దెసెగాలోళ్లా? అబ్బో!" అన్నాడు. "మన కందుకూరు కాడికెళ్లి శ్రీశైలం దాకా ఉన్నంత జాగల ఆ దేశంల వాళ్లే ఉన్నరు. వాళ్లింట్ల పెండ్లయితే పాలోళ్లు వరుసగట్టి నడుస్తరట. ముందటోళ్లు బువ్వ తిని, వక్కాకు ఏసుకొని వాపసు వస్తుంటే, ఎనకటోళ్లు ఇంక ఇంటికి తాళమేస్తుంటరట."

"నిజమా?"

"నేనెప్పుడన్న అబద్ధమాడిన్నా?"

భారతమ్మ ఓసారి ఎగాదిగా చూసింది గానీ, మొహం విప్పారింది. తెల్లారేసరికి వంటల కుర్మయ్య పందిట్లో కూర్చొని ఉన్నాడు. ఎన్ని పెద్ద గంజులు కావాలో, ఎన్ని మేక యాటలు తెగాలో మాట్లాడుతోంది భారతమ్మ. పక్కింటి లచ్చమ్మ గోడమీంచి తల పెట్టి, "అంతమంది తెల్లోళ్లు మన ఊరికొస్తే ఏడ పండుకుంటరక్కా?" అని అడుగుతోంది. "బడిల కొందరు, పంచాయతి ఆఫీసుల కొందరు" అంటోంది భారతమ్మ.

దశరథం చెప్పులేసుకొని ఇంట్లోంచి జారుకున్నాడు.

ఎతియెన్‌ను ఆరాంఘర్ చౌరస్తాలోని ఇరానీ హోటలుకు పిలిపించి, రెండు చాయ్‌లు చెప్పి, అటు ఇటు చూసి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, మీ ఇంటిపేరోళ్లు ఎంతమంది ఉంటరు?"

ఎతియెన్ వేళ్లు మడిచాడు. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది. "నాతోని కలిపి పదకొండండీ."

"పదకొండు వేలా?"

"పదకొండు మంది బాపూ."

"మీ ఊళ్లనా?"

"ప్రపంచంల అండీ."

దశరథం సాసర్లో పోసుకున్న చాయ్ అట్లాగే చేతిలో ఉండిపోయింది. ఈ భూమ్మీద పులులు ఇంతకన్నా నయం.

"పోనీ, ఆ పేరు ఏడికెళ్లి వచ్చింది? అదన్న జర గట్టిది చెప్పు."

"మాది కొండల దిక్కు. గార్ద్ అంటే కావలి. సెగాల్ అని ఒక గింజ ఉంటది, గోధుమ పండని చలినేలల అది పండుతది. దాంతోని నల్లరొట్టె చేస్తరు. ఆ చేన్లకు అడవిపందులు రాకుండ కావలి కాసినోళ్లకు ఆ పేరొచ్చిందని మా ఓడెట్ అవ్వ చెప్తదండీ. మా తాత చెల్లె, పెండ్లి చేసుకోలే. కొందరేమో, దొర గింజల కొట్టానికి తాళాలు పెట్టుకునెటోళ్లం అంటరు. పెద్ద పెద్ద పుస్తకాల్ల చూసిన, దొరకలేదు. మా పేరు అంత తక్కువ."

"తాళాల సంగతి మర్చిపో. చేను కావలి బాగున్నది, అదే ఉంచుదాం" అన్నాడు దశరథం. సరుకు ఏరుకున్నట్టు. "ఇగ చూడు, పదకొండు మంది అనకుండ పదకొండు ఊర్లు అందాం. పదకొండు అన్న మాట నిజమే కదా."

ఎతియెన్ నవ్వాడు గానీ తల అడ్డంగా ఊపాడు. "భారతమ్మ అవ్వ దగ్గర అబద్ధం వద్దు బాపూ. నేనే చెప్త."

"చెప్పు. చెప్పేటప్పుడు నన్ను జర దూరం కూసోనియ్యి."

ఆదివారం నాడు వాడు వచ్చేసరికి భారతమ్మ పందిట్లో చింతపండు కొడుతోంది. ఎతియెన్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చొని, ఇంకో రాయి తీసుకొని తనూ కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు కాయలకే వేలు చితకగొట్టుకున్నాడు. వేలు నోట్లో పెట్టుకొనే నిజం చెప్పేశాడు. స్వర్ణలత దర్వాజ పట్టుకొని నిలబడింది. దశరథం స్తంభం చాటున సగం కనబడుతున్నాడు.

భారతమ్మ చేయి ఆగింది. ముందు మొగుణ్ణి చూసింది, ఆ చూపుకు చింతపండు కూడా విరిగేదే. తర్వాత ఎతియెన్‌ను చూసింది.

"పదకొండు మందే ఎందుకైన్రు? ఏం రోగమొచ్చింది? ఎవల ఉసురు తగిలింది?"

దశరథం అందుకున్నాడు. "గది గాదే, ఆ దేశంల ఓసారి తాటిచెట్టంత మంచు పడి..."

"నువ్వు ఊకో! మంచుల నిన్ను పాతిపెడత. నువ్వు చెప్పు బిడ్డా."

"రోగం లేదవ్వా" అన్నాడు ఎతియెన్. "మా ఇంట్ల ఎప్పుడూ ఆడపిల్లలే ఎక్కువండీ. మా తాతకు ఏడుగురు అక్కచెల్లెండ్లు. నాయనకు ఐదుగురు. నాకు నలుగురు. పెండ్లిళ్లయితే పేర్లు మారుతయి కదా. మనుషులు మస్తుగ ఉన్నరు, పేరే తక్కువైంది."

భారతమ్మ ఒళ్లోని గింజలను చేత్తో ఇటూ అటూ తోస్తూ కూర్చుంది.

"మేము ఆరుగురం" అంది చివరికి. "ఆరుగురం ఆడిబిడ్డలం, ఎనక ఒక్క తమ్ముడు. అందరం తలా ఒక ఊరికి పోతిమి, తలా ఒక ఇంటిపేరైతిమి. మా నాయన పేరు ఇయ్యాల కందుకూరుల ఒక్క గడపకే ఉన్నది. దాన్ని రోగమంటమా?"

అంతకుముందు రోగమన్నది తనేనని గుర్తొచ్చి, ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"కావలి కాసెటోళ్లంటివి. పందుల్ని దేంతోని కొట్టెటోళ్లు?"

"తెల్వదవ్వా."

"తెల్వదా! ఇంటిపేరు పెట్టుకున్నవు, పని తెల్వదా? మా ఆరుగురం జొన్నచేన్ల మంచె మీదనే పెరిగినం." అని లేచి, పైకొంగు చివర చింతగింజ పెట్టి, తలమీద మూడు చుట్లు వడిసెల తిప్పినట్టు తిప్పి వదిలింది. గింజ పోయి స్తంభం చాటున ఉన్న దశరథం బట్టతలకు టంగుమని తగిలింది. ఎతియెన్ చప్పట్లు కొట్టాడు. స్వర్ణలత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని లోపలికి ఉరికింది.

"మరి పిల్లనిస్తవానే?" అన్నాడు దశరథం తల రుద్దుకుంటూ.

"ఇస్తనన్నానా? పదకొండు మందిని నా కండ్లతోని చూడాలె. ఒక్కరు తక్కువైనా నడువదు. చూసినంక చెప్త."

దీపావళి పోయిన వారం, ఒక పొద్దున పూట, పదిమంది గార్దెసెగాల్‌లు శంషాబాద్‌లో దిగారు. పదకొండోవాడు ఎతియెన్ బయట మా వాళ్ల పక్కనే ఉన్నాడు. భారతమ్మ పట్టుచీర కట్టుకొని, ఇత్తడి పళ్లెంలో పసుపుకుంకుమలు పెట్టుకొని, ఏర్‌పోర్టు గేటు ముందు కడ్డీ పట్టుకొని నిలబడింది. స్వర్ణలత చేతి గోర్లన్నీ కొరికేసింది. దశరథం మాత్రం పక్కన నిలబడ్డ టాక్సీ డ్రైవర్లకు, విమానాలు దిగే చోటు ఒకప్పుడు తమ మక్కచేనని, ఇప్పటికీ ఆ చోట చక్రాలు ఆనగానే పైలట్లకు మక్కకంకులు కాల్చిన వాసన వస్తుందని చెప్పుకొస్తున్నాడు.

వాళ్లు వచ్చారు. భారతమ్మ ఒక్కొక్కరినీ నిలబెట్టి బొట్టు పెడుతూ లెక్కపెట్టింది. ఎతియెన్ తండ్రి, తల్లి. పెండ్లికాని చెల్లెండ్లిద్దరు. చిన్నాన్న, ఆయన భార్య, వాళ్ల ముగ్గురు బిడ్డలు, ముగ్గురూ ఆడపిల్లలే.

"తొమ్మిది" అంది భారతమ్మ. "ఇంకొకరేరి?"

ఓడెట్ అవ్వ లేదు. అందరూ వెనక్కి చూశారు. తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఎవరెవరో వస్తున్నారు. ఎతియెన్ కడ్డీ మీదికి వంగి లోపలికి తొంగి చూశాడు. స్వర్ణలత తాత చెయ్యి పట్టుకుంది. ఒక్కరు తక్కువైనా నడువదని అన్న మనిషి, పళ్లెం పట్టుకొని తలుపుల వంకే చూస్తోంది.

ఎంతసేపటికో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. చక్రాల కుర్చీలో, గడ్డిటోపీ పెట్టుకొని, ఎనభై దాటిన ఓడెట్ అవ్వ. కుర్చీ తోసే పిల్లవాడు నవ్వాపుకోలేకపోతున్నాడు. సంగతేమిటంటే, లోపల కనబడ్డ ప్రతి మనిషినీ ఆమె ఆపి, వాళ్ల ఇంటిపేరు ఏమిటో, దాని అర్థమేమిటో అడుగుతూ వచ్చిందట. పాస్‌పోర్టు చూసిన ఆఫీసరును కూడా వదల్లేదట.

దశరథానికి మేనరికం దొరికినంత సంబరమైంది.

భారతమ్మ ఆమెకు బొట్టు పెట్టి, ఆ ముడతల చేతులు రెండూ పట్టుకొని, "పది" అంది. తర్వాత ఏదో తట్టినట్టు ఎతియెన్ వైపు తిరిగింది.

"వీళ్లందరు ఒక్క విమానంలనే వచ్చిన్రా?"

"అవునవ్వా, ఒక్కదాంట్లనే."

భారతమ్మ కండ్లు పెద్దవయ్యాయి. "పేరుకు పేరంత తీసుకపోయి ఒక్క విమానంల ఎక్కిస్తరా? బుద్ధున్నదా మీకు? ఏమయ్యా," అని మొగుని వైపు తిరిగి, "నీకన్న తోచలేదా? దారిల ఏమన్నయితే ఇగ ఆ పేరు ఏడ దొరుకుతది, అంగట్ల దొరుకుతదా? పోయేటప్పుడు ఐదుగురు ఒక దినం, ఐదుగురు ఒక దినం పోవాలె. నేను దగ్గరుండి ఎక్కిస్త. మా వియ్యాలోరి ఇంటిపేరుకు ఏమన్నయితే ఊరోళ్లకు నా మొహమెట్ల చూపియ్యాలె?"

"నానమ్మా" అంది స్వర్ణలత మెల్లగా. "వియ్యాలోరు అన్నవు."

"అన్న. అంటే ఏమాయె? పది మందొచ్చి నిలబడ్డంక ఇంకేమంటరు?"

స్వర్ణలత పళ్లెంతో సహా నానమ్మను వాటేసుకుంది. కుంకుమంతా ఇద్దరి చీరల మీదా పడింది. దశరథం పక్కనున్న టాక్సీ డ్రైవర్‌ను కావలించుకున్నాడు, వాడి ఇంటిపేరు కూడా అడక్కుండానే.

ఎతియెన్ జరిగిందంతా వాళ్ల భాషలో చెప్పాడు. పెండ్లి సంగతికి అందరూ చప్పట్లు కొట్టారు, విమానాల సంగతికి పడిపడి నవ్వారు. ఓడెట్ అవ్వ మాత్రం నవ్వలేదు. భారతమ్మ చెయ్యి వదలకుండా, అన్న కొడుకులను, మనుమరాళ్లను వేలుపెట్టి చూపిస్తూ గట్టిగా ఏదో అంది.

"ఏమంటున్నదిరా?" అని అడిగాడు దశరథం.

"పారిస్‌ల ఎక్కేముందు తను సుత ఇదే చెప్పిందటండీ" అన్నాడు ఎతియెన్. "ఒక్కడు విన్లేదట."